ఏఐ పాటలు కట్టేస్తున్న రోజుల్లో పిల్లలకు ఇంకా సంగీతం నేర్పించాలా?

మీ అమ్మాయి కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలు, గీతాలు దాటి వర్ణాల దాకా వచ్చిందన్నారు. ఫోన్‌లో నాలుగు ముక్కలు టైప్ చేస్తే పాట తయారవుతుంటే ఇంకా ఫీజు కట్టి క్లాసుకు పంపడం దండగేమో అని అడిగారు. నేను విజయవాడ సత్యనారాయణపురంలో పిల్లలకు గాత్రం చెబుతాను. కాబట్టి నా జవాబులో కాస్త స్వార్థం ఉంటుందనుకునే చదవండి.

దండగ కాదు. అయితే "యంత్రం ఎప్పటికీ మనిషిలా పాడలేదు" అన్న ధీమాతో ఈ మాట అనడం లేదు. సినిమా పాట ఫక్కీలో అది ఇప్పటికే బాగా కడుతోంది, వినేవాళ్లు చాలామంది పోల్చుకోలేరు కూడా. నా కారణం వేరు. పాట పుట్టించడం సులువైపోయేకొద్దీ, అందులో ఏది బాగుంది, ఎక్కడ తప్పింది అని చెప్పగలిగే చెవికి పని పెరుగుతోంది. ఆ చెవి పాడగా పాడగా, ఎదురుగా ఎవరో ఒకరు ఆపి సరిదిద్దగా వస్తుంది.

కిందటేడు మా క్లాసులో ఒకమ్మాయి సునో అనే పాటలు కట్టే ఏఐ యాప్‌లో కల్యాణి రాగంలో అమ్మవారి పాట చేయించి తెచ్చింది. గొంతు తియ్యగా ఉంది, వాయిద్యాలు నిండుగా ఉన్నాయి. పల్లవిలో కల్యాణే వినిపించింది. చరణంలోకి వెళ్లేసరికి 'ప్రతి మధ్యమం' అనే పై 'మ' పోయి, 'శుద్ధ మధ్యమం' అనే కింది 'మ' వచ్చింది. అంటే పాట శంకరాభరణం అనే ఇంకో రాగంలోకి జారిపోయింది. 'ళ' ఉన్న చోటల్లా 'ల' పలికింది. ప్రాస సంగతి అడగొద్దు. ఆ పాటనే ఆ రోజు పాఠంగా పెట్టాను. "రాగం ఎక్కడ మారిందో అక్కడ చెయ్యి ఎత్తండి" అన్నాను. వర్ణాలు పాడేవాళ్లు టక్కున ఎత్తారు. గీతాల్లో ఉన్నవాళ్లు పక్కవాళ్లను చూసి ఎత్తారు. అప్పట్నుంచీ అప్పుడప్పుడూ ఇలాంటి పాటలు నేనే చేయించి తెస్తున్నాను. తప్పులున్న పాట ఇంత తేలిగ్గా దొరకడం టీచర్లకు మంచి సౌకర్యమే.

ఇంట్లో సాధనకు యాప్‌లు పనికొస్తాయి, వద్దనను. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె వచ్చిన కొత్తలోనూ పెద్దవాళ్లు సణిగారు. ఇప్పుడు తంబురా ఫోన్‌లోనే మోగుతోంది, ఎవరూ ఏమీ అనడం లేదు. స్వరస్థానం చూపించే యాప్ మొదటి పాఠాలైన సరళీ స్వరాలకు, జంట స్వరాలకు చక్కగా సాయపడుతుంది. షడ్జమం, అంటే 'స', కాస్త కిందికి జారితే గీత ఎర్రబడుతుంది, పిల్లలే సర్దుకుంటారు. చిక్కంతా గమకాల దగ్గర, అంటే స్వరాన్ని ఊపి పాడే చోట. తోడి రాగంలో గాంధారం, అంటే 'గ', ఒక చోట నిలబడే స్వరం కాదు, అటూ ఇటూ ఊగుతూనే గాంధారం అనిపించుకుంటుంది. ఒకబ్బాయి తోడి వర్ణాన్ని ఇంట్లో యాప్ ముందు కూర్చుని సాధన చేసి వచ్చి, ఆ గాంధారాన్ని గోడకు కొట్టిన మేకులా కదలకుండా పాడాడు. "ఊపితే రెడ్ వస్తోంది టీచర్" అన్నాడు. వాడి తప్పేం లేదు. ఆ యాప్ సప్తకాన్ని పన్నెండు గళ్లుగా కోసి పెట్టుకుంది, గడికీ గడికీ మధ్య తిరిగే గొంతు దాని లెక్కలో అపశ్రుతే. వర్ణం మొదలయ్యాక స్వరస్థానాల యాప్ మూసేయమని చెబుతున్నాను.

పాటలో గొంతును, వాయిద్యాలను విడదీసే ఏఐ ఉంది. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. పాత కచేరీ రికార్డింగ్‌లోంచి గొంతు తీసేసి మృదంగంతో పిల్లల్ని పాడిస్తే తాళం మీద పట్టు తొందరగా వస్తోంది. కానీ అది డ్రమ్స్, బాస్ లెక్కన పాటను విడగొడుతుంది. మన మృదంగం మోత రెండు ముక్కలై, కుడివైపు నాదం ఒక దాంట్లో, ఎడమవైపు తొప్పి గుంకారం ఇంకో దాంట్లో పడుతుంది. రెండూ కలిపి వినిపించుకోవాలి. గొంతు వెంటే నడిచే వయొలిన్ కూడా ఒక్కోసారి గొంతుతోపాటే కొట్టుకుపోతుంది. ఇక చాట్‌బాట్‌ను రాగాల ఆరోహణ అవరోహణలు, అంటే స్వరాలు ఎక్కే దిగే వరసలు, అడగొద్దని మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి. తప్పు చెప్పినా తడబడకుండా చెబుతుంది, అదే ప్రమాదం.

మరి సృజన అంటారా? కొత్త కలయికలు పుట్టించడమే సృజన అయితే ఆ పని మన శాస్త్రం ఎప్పుడో లెక్క కట్టి పెట్టింది. ఏడు స్వరాలూ ఉన్న మూల రాగాలు, అంటే మేళకర్తలు, 72. ఒక్కో మేళం నుంచి స్వరాలు తగ్గించుకుంటూ పోతే, వరస మెలికలు తిరిగే వక్రరాగాలు కలపకుండానే, దాంట్లోంచి పుట్టే జన్యరాగాలు 483. మొత్తం 34,776. అందులో జనం పాడుకునేవి ఎన్ని? మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు నాలుగే స్వరాలతో లవంగి రాగం చేశారు. ఆ నాలుగు స్వరాల వరుస లెక్కలో ఎవరికైనా దొరికేదే. ఆయన అందులో కృతి కట్టి, కచేరీల్లో పాడి వినిపించారు కాబట్టి దాన్ని రాగమంటున్నాం. అంతకుముందు చిన్నతనంలో ఇదే బెజవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర శిష్యరికం చేశారు. ఏఐ రోజూ వేల కలయికలు పోస్తుంది. వాటిలోంచి ఒకదాన్ని ఏరి, పదిసార్లు పాడి, ఇది నిలుస్తుందని తేల్చేవాళ్లు కావాలి.

డబ్బు సంగతి కూడా దాచను. గవర్నరుపేటలో చిన్న రికార్డింగ్ స్టూడియో నడిపే మా బంధువు ఒకాయన ఉన్నారు. ఎన్నికల పాటలు, షాపుల ప్రకటనలు, గుడి ఉత్సవాలకు భక్తి ఆల్బమ్‌లు ఆయనకు ఆధారం. ట్రాక్ పాడేవాళ్లు, కీబోర్డు వాయించేవాళ్లు అక్కడే నాలుగు రాళ్లు సంపాదించుకునేవాళ్లు, పని కూడా అక్కడే నేర్చుకునేవాళ్లు. ఇప్పుడు పార్టీలు ఏఐ ట్రాక్ పట్టుకొచ్చి "ఉచ్చారణ మాత్రం సరిచేసి పెట్టండి" అంటున్నాయట. ఇచ్చేది కూడా అంత మాత్రమే. పేరున్నవాళ్ల గొంతుకైతే అడిగే నాథుడుంటాడు. 2024లో ఎ.ఆర్. రెహమాన్, అంతకుముందే చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులను ఏఐతో వాడుకున్నప్పుడు కుటుంబాల అనుమతి తీసుకుని పారితోషికం ఇచ్చారు. అదే ఏడాది పెద్ద మ్యూజిక్ కంపెనీలు సునో మీద, అలాంటిదే అయిన యుడియో మీద అమెరికాలో దావా వేశాయి. ట్రాక్ సింగర్ తరఫున దావా వేసేదెవరు? అందుకే మీ అమ్మాయి దీన్నే బతుకుదెరువు చేసుకుంటుందంటే ఇంకొంచెం ఆలోచించమంటాను. నేర్చుకోవడానికైతే ఆలోచించాల్సింది లేదు.

టీచర్‌ను ఎంచుకునేటప్పుడు ఒక్కటి చూడండి. నొటేషన్ వాట్సాప్‌లో పెట్టి, పిల్లలు రికార్డు చేసి పంపింది విని "గుడ్" అని పెట్టేవాళ్లయితే ఆ మాత్రం పని ఏఐ చేస్తుంది, ఫీజు మిగుల్చుకోండి. పాడుతుండగా మధ్యలో ఆపి, పాటలోని అదే వరసను మళ్లీ మళ్లీ పాడించేవాళ్లయితే వదలకండి.

ఇంకో మాట. ఏఐ వచ్చిందని మా క్లాసు మానేసిన పిల్లలు ఇప్పటిదాకా ఒక్కరూ లేరు. ఎనిమిదో తరగతి రాగానే ఐఐటీ ఫౌండేషన్ అని మానేసినవాళ్లు మాత్రం ప్రతి జూన్‌లోనూ ఉంటారు. మీ అమ్మాయి ఇప్పుడు ఏ క్లాసు చదువుతోంది?