మీ పాప స్కూల్ ప్రాజెక్టుకు 'ది మకరాటా ప్రాజెక్ట్' తీసుకోండి

ఆస్ట్రేలియా ఆదివాసీలు, ఇతర సంగీతకారులు కలిసి మంచి పని కోసం చేసిన ఆల్బమ్ కావాలి, పాతవేమో వినడానికి దొరకట్లేదు అన్నారు కదండీ. టెన్షన్ వద్దు. ఆస్ట్రేలియా రాక్ బ్యాండ్ మిడ్‌నైట్ ఆయిల్ 2020 అక్టోబర్‌లో తెచ్చిన ఈ ఆల్బమ్ తేలిగ్గానే దొరుకుతుంది. ఇది పలువురి పాటలు ఏర్చి కూర్చిన సంకలనం కాదు, ఒకే బ్యాండ్ ఆల్బమ్; ఆ మాట ముందే రాయించండి. ప్రతి పాటలోనూ ఆదివాసీ కళాకారులు ఉన్నారు. తమ వాటా డబ్బును రాజ్యాంగంలో తమకు చోటు కావాలని ఆదివాసీ ప్రతినిధులు 2017లో చేసిన 'ఉలూరు ప్రకటన'ను జనంలోకి తీసుకెళ్లే సంస్థలకు ఇస్తామని బ్యాండ్ ముందే చెప్పింది.

మొదట 'గాడిగల్ ల్యాండ్' పాట వినిపించండి. సిడ్నీ నగరం ఉన్నది గాడిగల్ ప్రజల నేల మీదే. కలర్డ్ స్టోన్ బ్యాండ్‌కు చెందిన బన్నా లారీ గొంతు ఇందులో ఉంది. జోయెల్ డేవిసన్ గాడిగల్ భాషలో రాసిన కవిత కూడా వినిపిస్తుంది. నాకైతే ఆల్బమ్‌కు ప్రాణం అదే. చివరి ట్రాక్‌లో ప్రకటననే చదువుతారు.

ఒక జాగ్రత్త. 'చేంజ్ ది డేట్' పాటలో వినిపించే ఆదివాసీ గాయకుడు గురుముల్ 2017లోనే చనిపోయారు. చనిపోయిన ఆదివాసీల పేరు, గొంతు, ఫొటో వాడే ముందు ఆస్ట్రేలియాలో హెచ్చరిక పెట్టడం ఆనవాయితీ. పాప మొదటి స్లైడ్‌లోనే ఆ లైన్ ఉండాలి.

ఉలూరు ప్రకటన కోరిన 'వాయిస్' (పార్లమెంటుకు సలహా ఇచ్చే ఆదివాసీ ప్రతినిధుల బృందం) ప్రతిపాదన 2023 అక్టోబర్ 14 రెఫరెండంలో ఓడిపోయింది. టీచర్ తప్పకుండా అడుగుతారు, అదీ రాయించండి.