బ్రిటిల్, ఫ్రాజైల్ ఒకటేనా?

ఇంగ్లీషులో గాజును బ్రిటిల్ అనాలా, ఫ్రాజైల్ అనాలా, మీ కథలో ముసలావిడను ఏమనాలి అని అడిగారు. గాజుకు రెండూ సరిపోతాయి, మీ తికమక అక్కడే మొదలైంది.

ఒక చాక్‌పీసు తీసుకుని వంచి చూడండి. వంగదు, టక్కున విరుగుతుంది. అదీ బ్రిటిల్, మన పెళుసు. వస్తువు బలమైనదా కాదా అన్నదానితో దీనికి పనిలేదు. పోత ఇనుము పెద్ద బరువులే మోస్తుంది, కానీ గట్టి సుత్తిదెబ్బ పడితే వంగకుండా పగులుతుంది. అది బ్రిటిలే, ఫ్రాజైల్ మాత్రం కాదు. ఫ్రాజైల్ అంటే జాగ్రత్తగా పట్టుకోకపోతే పాడయ్యేది. ఎలా విరుగుతుందో ఆ మాట చెప్పదు. పార్సిల్ పెట్టె మీద రాసేది అందుకే.

ముసలావిడకు ఫ్రెయిల్ వాడండి. చిక్కిపోయి ఓపిక తగ్గిన మనిషన్నమాట. ఆవిడ ఎముకలు మాత్రం బ్రిటిల్! తమాషా ఏమిటంటే, ఫ్రెయిల్, ఫ్రాజైల్ రెండూ ఫ్రాజిలిస్ అనే ఒకే లాటిన్ మాట పిల్లలు. ఫ్రెయిల్ పాత ఫ్రెంచ్ మీదుగా వచ్చి అరిగిపోయింది.

డెలికేట్‌లో కాస్త మెచ్చుకోలు ఉంటుంది, నాజూకు అన్నట్టు. ఫ్లిమ్సీలో విసుగు. పల్చటి నాసిరకం కుర్చీ ఫ్లిమ్సీ, నమ్మబుద్ధి కాని సాకు కూడా ఫ్లిమ్సీయే.