కాగితపు కారు నమూనాలో బానెట్ ఒకే ముక్కగా ఎందుకు రాదు?

కాగితం వంగుతుంది గాని సాగదు కాబట్టి, ఏకకాలంలో రెండు దిశల్లో ఒంపు తిరిగే భాగాన్ని ముడతలు పడకుండా ఒకే ముక్కతో చేయడం సాధ్యం కాదు. గొట్టంలా ఒకవైపే చుట్టుకున్న ఉపరితలాన్ని పరిస్తే కొలతలు మారవు. గోళంలా ఉబ్బిన ఉపరితలాన్ని పరచాలంటే మాత్రం అది ఎక్కడో చిరగాలి లేదా మడత పడాలి, ఇది 1827లో గణిత శాస్త్రవేత్త గౌస్ నిరూపించిన సిద్ధాంతం నుంచే తేలుతుంది. అందుకే గుండ్రంగా ఉబ్బిన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు బానెట్‌ను సన్నని పట్టీలుగా విడదీసి గీసి, వాటి అంచులను లోపలివైపు నుంచి చిన్న కాగితపు ముక్కలతో అతికిస్తారు. పెట్టెలాంటి పాత జీపుకు ఈ తిప్పలు దాదాపు ఉండవు. పలుచని కాగితం వాడితే చిక్కు తీరుతుందని చాలామంది అనుకుంటారు గాని, మందం తగ్గితే వంచడం సులువవుతుందే తప్ప కాగితానికి సాగే గుణం రాదు. తడిపి నొక్కితే కొద్దిపాటి ఉబ్బు వస్తుంది, అంతే.