స్పీడు చూసి కాదు, కారు బ్లూటూత్ చూసి ఫోన్ ఆపండి

అక్కా, కారు నడుపుతూ ఫోన్ చూడకుండా ఉండాలని, స్పీడు పెరగగానే ఫోన్ లాక్ చేసే యాప్ వేస్తే మీ అబ్బాయి రెండో రోజే తీసేశాడని రాశారు. తప్పు వాడిది కాదు. కారు తియ్యని రోజు మియాపూర్‌లో మెట్రో ఎక్కినా అది లాకయిపోతుంది మరి! జీపీఎస్‌కు వేగం తెలుస్తుంది గానీ, స్టీరింగ్ ముందు ఉన్నాడో కిటికీ పక్కన కూర్చున్నాడో తెలియదు.

అందుకే కారు బ్లూటూత్‌తో ముడిపెట్టండి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ఫోకస్, అందులో డ్రైవింగ్‌కి వెళ్లి, కారు బ్లూటూత్‌కు కనెక్ట్ అయినప్పుడే ఆన్ అయ్యేలా పెట్టండి. శామ్‌సంగ్‌లో మోడ్స్ అండ్ రొటీన్స్‌లో డ్రైవింగ్ మోడ్ ఉంటుంది. నోటిఫికేషన్లు ఆగుతాయి, మ్యాప్స్ మాత్రం నడుస్తుంది. కావాలంటే వాడు ఆఫ్ చేసుకోగలడు కాబట్టి, వాడి చేతే సెట్ చేయించండి.

మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కూడా చూపించండి. 2019 సవరణ తర్వాత ఫోన్ చేతిలో పట్టుకుని నడపడం ప్రమాదకర డ్రైవింగ్ కిందికే వస్తుంది. మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ.

ఇంకోటి, కోప్పడకండి. వాడు ఆఫీసులో బయల్దేరాడని తెలిసీ పావుగంటకోసారి 'ఎక్కడున్నావ్ రా' అని ఫోన్ చేసేది మనమే. మా ఇంట్లో ఆ పని నాదే. మానేశాను.

స్కూటీ తీసిన రోజు ఈ బ్లూటూత్ పద్ధతి పనిచేయదు. ఫోన్ సీటు కింద డిక్కీలో పడేసి తాళం వేయమనండి.