అయస్కాంతం కాంతిని మారుస్తుందా?

ప్రశ్న: పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని టార్చిలైటు వెలుగు పక్కన ఎంత దగ్గరగా పట్టుకున్నా ఏ మార్పూ కనిపించలేదు. మరి అయస్కాంత పదార్థాలు కాంతిని మారుస్తాయని ఎలా అంటారు?
– ఒక డిగ్రీ విద్యార్థిని, తణుకు

జవాబు: మీకు మార్పు కనిపించకపోవడం సహజమే. కాంతికి విద్యుదావేశం లేదు కనుక అయస్కాంతం దానిని నేరుగా లాగలేదు; మధ్యలో ఒక పదార్థం ఉండి, అందులోని ఎలక్ట్రాన్ల కదలికను అయస్కాంత క్షేత్రం ప్రభావితం చేసినప్పుడే దాని గుండా వెళ్లే కాంతి మారుతుంది. మారేది కాంతి దారి కాదు, ధ్రువణ తలం, అంటే తరంగం ఊగే తలం. 1845లో మైకేల్ ఫారడే సీసం కలిసిన బరువైన గాజును బలమైన విద్యుదయస్కాంతం దగ్గర ఉంచి, క్షేత్రం దిశలో ధ్రువిత కాంతిని, అంటే ఒకే తలంలో ఊగే కాంతిని పంపి, ఆ తలం కొద్దిగా తిరగడాన్ని గమనించాడు. అయస్కాంత ధ్రువం మీద పడి పరావర్తనం చెందిన కాంతిలోనూ ఇటువంటి మార్పు ఉందని 1877లో జాన్ కెర్ చూపాడు.

చక్కెర మిల్లుల ప్రయోగశాలల్లో చెరకు రసంలోని పంచదారను కొలిచే పోలారిమీటరులోనూ తిరిగేది ధ్రువణ తలమే. అయితే పంచదార ద్రావణం గుండా వెళ్లిన కాంతిని అద్దంతో వెనక్కి పంపితే తిరిగిన కోణం రద్దవుతుంది. అయస్కాంత క్షేత్రంలోనైతే రెట్టింపవుతుంది. నన్నడిగితే అసలు విశేషం ఇదే. ఇనుము కలిసిన గార్నెట్ స్ఫటికంలో తలాన్ని 45 డిగ్రీలు తిప్పితే, వెనక్కి వచ్చే కాంతి మొత్తం 90 డిగ్రీలు తిరిగి, ప్రవేశద్వారంలోని ధ్రువణకారి (ఒకే తలంలో ఊగే కాంతిని మాత్రమే వదిలే ఫిల్టరు) వద్దనే ఆగిపోతుంది. ఆప్టికల్ ఫైబరు వ్యవస్థల్లో లేజర్లను తిరుగుకాంతి నుంచి కాపాడే ఐసొలేటర్లు పనిచేసేది ఈ విధంగానే.