అల్లుడికి, మడత చాకు గురించి

అల్లుడూ,

ఫోన్‌లో నువ్వడిగినదానికి ఒక్క పేరు చెప్పి ఊరుకోవచ్చు. "అన్నయ్య వచ్చే నెల డల్లాస్ నుంచి వస్తున్నాడు మావయ్యా, మంచి మడత చాకు ఒకటి తెమ్మంటాను, ఏ కంపెనీది చెప్పమంటావు?" అన్నావు. కానీ నువ్వు నర్సరీ పెడుతున్నావు. రేపటి నుంచి నీ ఇంటి ఖర్చంతా ఆ చాకు మీదే నడవాలి. కడియంలో నలభై ఏళ్లు మామిడికీ సపోటాకీ గులాబీకీ అంట్లు కట్టాను. ఈ నలభై ఏళ్లలో నా జేబులోకి చాలా చాకులు వచ్చి వెళ్లాయి. నాకు తెలిసిందంతా రాస్తాను, తీరిగ్గా కూర్చుని చదువు.

కంపెనీ కంటే ముందు నీ చెయ్యి సంగతి. నీది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు ఎడమచేత్తో అన్నం కలిపావని అమ్మమ్మ కోప్పడుతుంటే నేనే అడ్డుపడేవాణ్ణి, గుర్తుందా? అంటు చాకు దగ్గర ఇది చాలా పెద్ద విషయం. అసలైన అంటు చాకుకి ఒక వైపే ఏటవాలు ఉంటుంది, రెండో వైపు పలకలా చదునుగా ఉంటుంది. చదును వైపు పుల్లకి ఆనుకుని జారితేనే కోత తిన్నగా వస్తుంది. కుడిచేతివాళ్ల కోసం చేసిన చాకు నీ చేతికిస్తే ఏటవాలు వైపు పుల్లకి తగులుతుంది, చాకు పైకి లేచిపోతూ ఉంటుంది, కోత వంకర పోతుంది. తప్పు నీ చేతిదే అనుకుని నెలల తరబడి టెన్షన్ పడతావు. మా షెడ్డులో ఒక కుర్రాడికి అచ్చం ఇలాగే అయింది. ఆరు నెలలు వాడికి పని రాదన్నాం. చాకు మార్చాక వారం తిరక్కుండా వాడు కోసిన పుల్లలు నావాటి పక్కన పెడితే ఏవి ఎవరివో తెలియలేదు. వాణ్ణి అన్నేసి మాటలన్నందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మంచి కోత ఎలా ఉంటుందో కూడా చెప్తాను, ఎందుకంటే చాకుల్ని నేను పోల్చేది దాన్ని బట్టే. మామిడి సయాన్ పుల్ల, అంటే వేరున్న మొక్కకి అతికించే మంచి రకం కొమ్మ, పెన్సిలంత లావుంటుంది. దాని చివర రెండు వైపులా ఏటవాలుగా చెక్కాలి, ఒక్కో వైపుకి ఒక్క లాగుడే. చెక్కినచోట తడిగా, నున్నగా, మెరుస్తూ కనిపించాలి. చాకు వీపుని దాని మీద ఆనించి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడు. సందులోంచి వెలుగు కనబడితే అక్కడ గుంట పడినట్టు. గుంట ఉన్నచోట బెరడు కింది పచ్చపొర రెండో మొక్క పొరని తాకదు, అక్కడ గాలి నిలుస్తుంది, పుల్ల ఎండిపోతుంది. మూడు వారాలు పోయాక చిగురు రాలేదని విత్తనాన్నో ఎండనో తిట్టుకుంటాం. నేను చూసినంతలో ఎండిన అంట్లలో చాలావాటికి కారణం మొద్దు చాకే.

ఈ పనికి నేను వాడినవాటిల్లో అన్నిటికంటే పైన ఉండేది టీనా. జర్మనీలో రాయిట్లింగెన్ అనే ఊళ్లో చేస్తారు, 1854 నుంచి అదే పని. వాల్‌నట్ చెక్క పిడి, కార్బన్ స్టీలు బ్లేడు. తోటపని చాకులే వాళ్ల ప్రత్యేకత. గులాబీ బడ్డింగ్‌కి, అంటే ఒక్క కన్ను తీసి అతికించడానికి, ఒక రకం, అంట్లకి ఇంకొక రకం, బెరడు తెరవడానికి నాలుకలాంటి భాగం ఉన్నవి వేరే. ఎడమచేతివాళ్లకి విడిగా చేస్తారు, నీకు కావలసింది అదే. మొదటిసారి దాంతో గులాబీ కన్ను తీసినప్పుడు బెరడు తెగిన చప్పుడు కూడా రాలేదు. చెక్కలోకి దిగిందా లేదా అని పుల్ల తిప్పి చూసుకున్నాను. తెరిచిన బ్లేడు మడుచుకోకుండా బిగించే లాక్ దీనికి ఉండదు, స్ప్రింగు బలం మీదే బ్లేడు నిలుస్తుంది. బ్లేడు వీపు మీద ఒత్తిడి పెట్టే పనులు, అంటే గుచ్చడం, మెలితిప్పడం లాంటివి దీంతో చెయ్యకూడదు. ధర కూడా ఎక్కువ.

తర్వాత విక్టోరినాక్స్. ఎర్ర పిడి మీద తెల్ల శిలువ, ఈ చాకు తెలియనివాళ్లు ఉండరు. స్విట్జర్లాండ్‌లో ఇబాక్ అనే ఊళ్లో కార్ల్ ఎల్సెనర్ 1884లో మొదలుపెట్టాడు, 1891 నుంచి వాళ్ల సైన్యానికి చాకులిచ్చాడు. తల్లి పేరు విక్టోరియా. ఆవిడ 1909లో పోయాక ఆ పేరే కంపెనీకి పెట్టుకున్నాడు. 1921లో తుప్పు పట్టని స్టీలు వచ్చాక దాన్ని ఫ్రెంచిలో పిలిచే 'ఇనాక్స్' అనే మాట కూడా కలిపారు. తల్లి పేరు ఇన్నేళ్లుగా చాకు మీద నిలబెట్టుకున్నారని తెలిసినప్పటి నుంచి నాకు ఆ కంపెనీ అంటే ఒక అభిమానం.

వాళ్లకి వెంగర్ అనే పోటీదారు ఉండేవాడు, అదే దేశంలో డెలేమాన్ అనే ఊళ్లో. అక్కడివాళ్లు ఫ్రెంచి మాట్లాడతారు, ఇబాక్‌లో జర్మన్. రెండు వైపులా నొప్పించకుండా 1908 నుంచి స్విస్ ప్రభుత్వం సైన్యం చాకుల్లో సగం వీళ్ల దగ్గర, సగం వాళ్ల దగ్గర కొనేది. దాదాపు వందేళ్లు అలా నడిచాక 2005లో విక్టోరినాక్స్ వెంగర్‌ని కొనేసింది, ఆ తర్వాత కొన్నేళ్లకి వెంగర్ పేరుతో చాకులు ఆపేశారు. నా దగ్గర పాత వెంగర్ ఒకటుంది. పనిలో రెంటికీ తేడా చెప్పమంటే చెప్పలేను. ఎవరైనా 'అసలైన వెంగర్' అని ఎక్కువ డబ్బులు అడిగితే ఇవ్వకు. అది దాచుకునేవాళ్ల సరదా, నీకు అనవసరం.

విక్టోరినాక్స్ స్టీలు కొంచెం మెత్తన. దీన్ని లోపంగా చెప్పేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. మెత్తన కాబట్టే పదును తొందరగా పోతుంది, మెత్తన కాబట్టే మామూలు సానరాయి మీద అయిదు నిమిషాల్లో మళ్లీ వస్తుంది. మామిడి సొన, నిమ్మరసం, వాన, చెమట, దేనికీ తుప్పు పట్టదు. ఎర్ర ప్లాస్టిక్ పిడి కాకుండా అల్యూమినియం పిడి ఉన్న పయనీర్ అనే రకం తీసుకో. బురద చేత్తో పట్టుకున్నా జారదు, పిడి పగలదు. పాలిథిన్ సంచులు చింపడం, పురికొస కొయ్యడం, డ్రిప్ పైపుకి కన్నం పెట్టడం, మోటారు స్టార్టర్ మూతకి స్క్రూ తిప్పడం, ఇవన్నీ ఆ చాకుతోనే అవుతాయి. ఈ పనులకి అంటు చాకు తీశావంటే మాత్రం నేను ఊరుకోను.

మూడోది ఒపినెల్. ఇది నాకు యానాం నుంచి వచ్చింది. అక్కడి స్నేహితుడి అన్నగారు ఫ్రాన్స్‌లో స్థిరపడ్డారు, సెలవులకి వచ్చినప్పుడు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. సవోయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన 1890లో చేసిన చాకు, ఈ రోజుకీ దాదాపు అదే రూపం. గుండ్రటి బీచ్ చెక్క పిడి, పల్చటి బ్లేడు, మెడ దగ్గర తిప్పే లోహపు ఉంగరం. ఆ ఉంగరం 1955లో వచ్చింది. తిప్పితే బ్లేడు బిగుసుకుంటుంది, వేలి మీదికి మడుచుకోదు. సైజుల్ని నంబర్లతో పిలుస్తారు. 8 నంబరు బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, 6 నంబరుది ఏడు.

ఆ పల్చదనమే దీని గొప్ప. లావు బ్లేడు పుల్లని చీలుస్తుంది, ఇది కోస్తుంది. కార్బన్ స్టీలు రకంలో పదును చాలా బాగా నిలుస్తుంది. కాకపోతే మామిడి సొన తగిలిన గంటలో బ్లేడు నల్లబడుతుంది. ఆ నలుపు చూసి కంగారుపడకు, అదేమీ చెయ్యదు. ఎర్రగా పొడి రాలే తుప్పు వేరు, దాన్ని మాత్రం రానివ్వకూడదు. సాయంత్రం తుడిచి ఒక చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు. ఇంకో ఇబ్బంది మన గోదావరి వానలతో. శ్రావణంలో తేమకి చెక్క ఉబ్బి బ్లేడు లోపలే బిగుసుకుపోతుంది, గోరు విరిగినా రాదు. అప్పుడు ఉంగరం తెరిచి ఉందో లేదో చూసుకుని, పిడి వెనక చివరని బల్ల అంచుకేసి గట్టిగా కొట్టు. బ్లేడు మొన బయటికి వస్తుంది, పట్టుకుని లాగు. సవోయ్‌లో కూడా అలాగే తీస్తారని యానాం వాళ్లే చెప్పారు. కొన్న కొత్తలో జాయింటు దగ్గర నూనె పట్టిస్తే ఈ బాధ కొంత తగ్గుతుంది.

అమెరికా కంపెనీల సంగతి క్లుప్తంగా. బక్ 110 అనే చాకు 1960ల నుంచి వస్తోంది, చాలా గట్టిది, వేటగాళ్ల కోసం పుట్టింది. ఇత్తడీ చెక్కా కలిపి రెండు వందల గ్రాములు, జేబు లాగేస్తుంది. స్పైడర్కో వాళ్లు 1981లో బ్లేడుకి గుండ్రటి కన్నం, పిడికి క్లిప్పు పెట్టారు. ఒక చేత్తో కొమ్మ పట్టుకుని రెండో చేత్తో చాకు తెరవాలంటే దానంత సుఖం ఇంకోటి లేదు. బెంచ్‌మేడ్ అనే కంపెనీ చాకుల లాక్ కూడా చాలా నమ్మకమైనది. ఇవన్నీ మంచి చాకులే. కానీ బ్లేడు లావు, ధర ఎక్కువ. చాలావాటి స్టీలు ఎంత గట్టిదంటే మన దగ్గర దొరికే రాయి మీద అరగదు, డైమండ్ రాయి కావాలి. మీ అన్నయ్యకి సరదాగా ఉంటే వాడు కొనుక్కుంటాడు. నీ బల్ల మీదికి వద్దు.

నీకు నా మాట ఇది. మొదట ఒపినెల్ 6 నంబరు, కార్బన్ స్టీలుది తెప్పించుకో. రెండు వైపులా సమానంగా పదునుంటుంది కాబట్టి ఎడమచేతికీ కుడిచేతికీ ఒకటే. టీనా, విక్టోరినాక్స్, ఒపినెల్ మూడింటిలో చవక కూడా. చెయ్యి కుదిరే లోపల రాయి మీద ఎన్ని తప్పులు చేసినా ప్రాణం ఉసూరుమనదు. దాంతోపాటు పయనీర్ ఒకటి. ఒక సీజన్ అంట్లు కట్టి, నూటికి ఎనభై బతికించాక, ఎడమచేతి టీనా కొనుక్కో. ఆ డబ్బులు నేనిస్తాను.

చాకు ఎంత మంచిదైనా సాన దగ్గర పాడవుతుంది. ఒకసారి అంట్ల సీజన్ రద్దీలో తీరిక లేక, ఇంటి ముందుకి వచ్చిన చక్రం సానవాడికి నా మంచి చాకు ఇచ్చాను. రెండు నిమిషాలు నిప్పురవ్వలు లేచాయి. తిరిగి చేతికొచ్చేసరికి మొన దగ్గర నెమలికంఠం రంగులో నీలం మరక. వేడికి స్టీలు పదును పట్టే గుణం పోయింది. ఆ తర్వాత ఎంత నూరినా పది పుల్లలకే మొద్దుబారేది. చివరికి ఆ నీలం ఉన్న భాగమంతా అరగదీయాల్సి వచ్చింది. అప్పటి నుంచి నా చాకు ఎవరికీ ఇవ్వను. కొవ్వొత్తి మంటలో పెట్టి శుభ్రం చెయ్యడం కూడా ఇందుకే వద్దు. మొక్క మొక్కకీ మధ్య స్పిరిట్ గుడ్డతో తుడువు, చాలు.

రెండు ముఖాల సానరాయి ఒకటి కొను, నీళ్లతో తడిపి వాడు. ఒపినెల్‌కి రెండు వైపులా సమానంగా, బ్లేడు దాదాపు రాయికి పడుకున్నట్టు పెట్టి, అంచు ముందుకి తోస్తూ నూరు. రెండో వైపు అంచున వేలికి సన్నటి గరుకు తగిలేదాకా ఒక వైపు, తర్వాత ఇంకో వైపు. ఆ గరుకు పోవడానికి పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగు. టీనా వచ్చాక పద్ధతి మారుతుంది. ఏటవాలు వైపే నూరాలి, చదును వైపుని రాయి మీద పూర్తిగా ఆనించి ఒకటి రెండుసార్లు లాగితే సరి. చదును వైపు కొంచెం ఎత్తి నూరావంటే ఆ చాకు గుణమే పోతుంది.

కొనేటప్పుడు మీ అన్నయ్యని బ్లేడు మొదట్లో ముద్ర చూడమను. ఒపినెల్ మీద కిరీటం కింద చెయ్యి గుర్తు ఉంటుంది. విక్టోరినాక్స్ బ్లేడు మొదట్లో కంపెనీ పేరు స్పష్టంగా చెక్కి ఉంటుంది. ఇక్కడ రోడ్డు మీద అమ్మే ఎర్ర చాకుల మీద తెల్ల శిలువ ఒక్కటే ఉంటుంది. అలాంటిదే ఒకటి నా చూపుడువేలి మీద మడుచుకుంది. ఆ మచ్చ నువ్వు చూశావు. విమానంలో చేతి సంచిలో పెడితే తీసేసుకుంటారు, చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టమని రెండుసార్లు చెప్పు.

అక్కని అడిగానని చెప్పు. జూలై మొదటివారంలో నేనే వస్తాను, మామిడి అంట్లు కలిసి మొదలుపెడదాం. ఈలోగా రోజుకి పాతిక మందార పుల్లలు చెక్కు. బాగా రానివి పారెయ్యకు, కట్టగట్టి పక్కన ఉంచు, నేను చూడాలి.

మీ మావయ్య