కినుయో తనకా మీద రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. జపాన్ నటి కినుయో తనకా గురించి తెలుగులో రాయాలని నీకు తోచినందుకు ఎంత సంతోషమో చెప్పలేను. నేను ఎంతో ప్రేమించే నటి ఆమె. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నువ్వు రాసింది ఒక పట్టిక. 1909లో షిమొనొసెకిలో పుట్టుక, 1924లో షోచికు స్టూడియోలో తొలి వేషం, 1931లో జపాన్ తొలి పూర్తి టాకీ, ఆపైన దర్శకులు ఓజు, మిజోగుచి, నరుసేల చిత్రాలు, 1975లో బెర్లిన్ చిత్రోత్సవంలో నటి పురస్కారం, 1977లో మరణం. తప్పొక్కటీ లేదు, అయినా ఎక్కడా ఆమె ముఖం కనిపించలేదు. యాభై ఏళ్ల పనిని తేదీల వరసలో పేరిస్తే అదంతా ఒకే ఎత్తుకు సాగిన ప్రయాణంలా అనిపిస్తుంది. ఆమె బతుకు అలా సాగలేదు. ఎక్కడ తిరిగిందో, ఎక్కడ పడిందో అక్కడ నువ్వు ఆగాలి.

1944లో కినోషిటా తీసిన 'సైన్యం' దగ్గర ఆగు. నువ్వు దాన్ని 'యుద్ధకాలపు ప్రచార చిత్రం' అని ఒక్క మాటలో దాటేశావు. ప్రచారం కోసమే తీయించారు, నిజమే. కానీ చివరి ఘట్టం మళ్లీ చూడు. కొడుకు యుద్ధానికి వెళ్తున్న రోజు. తల్లి ఇంట్లో ఉండిపోయింది. సైనికులకు చక్రవర్తి ఇచ్చిన ఆదేశాన్ని లోలోపల వల్లిస్తుంది. దూరంగా బాకా వినిపిస్తుంది. ఆ క్షణంలో ఆమె ముఖం మారడం చూడు. లేచి వీధిలోకి వస్తుంది, పరుగెత్తుతుంది, జెండాలూపే జనంలో దారి చేసుకుంటూ కవాతు వెంట కొడుకును వెతుక్కుంటుంది. దొరికాక పక్కనే నడుస్తుంది, తోపులాటలో పడిపోతుంది, లేచి చేతులు జోడిస్తుంది. ఇంతసేపట్లో ఆమెకు మాటలు దాదాపు లేవు. యుద్ధం వద్దని ఎవరూ అనరు. అయినా సైన్యానికి ఆ ముగింపు రుచించలేదు. ఎందుకు రుచించలేదో నీ పాఠకుడికి అర్థం కావాలంటే ఆ పరుగును అడుగడుగునా రాయాలి. 'అద్భుత నటన' అనే మాట తీసెయ్యి. నీ వ్యాసంలో అది ఏడెనిమిది చోట్ల ఉంది, ప్రతిచోటా నువ్వు చూడాల్సిన పనిని అదే తప్పించింది.

రెండో చోటు 1950. సౌహార్ద ప్రతినిధిగా అమెరికా వెళ్లిన ఆమె ఆ జనవరిలో నల్ల కళ్లద్దాలతో, పాశ్చాత్య దుస్తులతో తిరిగొచ్చి, స్వాగతం పలికిన జనానికి ముద్దులు విసిరింది. ఓడిపోయి, అమెరికన్ సేనల ఆక్రమణలో ఉన్న దేశం అది. పత్రికలు ఆమెను వదల్లేదు. చనిపోవాలన్న ఆలోచన దాకా వెళ్లిందంటారు. నువ్వు 'కొంత విమర్శ ఎదుర్కొంది' అని రాశావు. అంతటి అవమానానికి ఆ వాక్యం చాలదు. ఇది పెద్దది చేస్తేనే రెండేళ్ల తర్వాతి 'ఒహరు జీవితం' బరువు తెలుస్తుంది. రాజాస్థానంలో ఉండాల్సిన సమురాయ్ కూతురు ప్రేమించిన నేరానికి వెలి పడి, చివరికి వీధి వేశ్యగా మిగిలే కథ. నలభై రెండేళ్ల వయసులో ఆమె ఆ స్త్రీ యౌవనాన్నీ ముసలితనాన్నీ ఒకే చిత్రంలో పోషించింది.

మూడోది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 1953లో, దేశమంతా తెలిసిన తార, నరుసే చిత్రానికి సహాయ దర్శకుల్లో ఒకరిగా చేరి పని నేర్చుకుంది. అదే ఏడాది 'ప్రేమలేఖ'తో దర్శకురాలైంది. ఎన్నో గొప్ప పాత్రలిచ్చిన మిజోగుచి ఆమె దర్శకత్వాన్ని వ్యతిరేకించాడు. ఓజు మాత్రం తాను భాగస్వామిగా రాసిన స్క్రిప్టును ఆమె చేతికిచ్చాడు. 1962 నాటికి ఆరు సినిమాలు తీసింది. వాటిలో 1955 నాటి చిత్రం నువ్వు తప్పక చూడాలి. రొమ్ము క్యాన్సర్‌తో ముప్పై ఒకటో ఏట చనిపోయిన కవయిత్రి నకజో ఫుమికో కథ అది. శస్త్రచికిత్స తర్వాత ఆ కవయిత్రి స్నేహితురాలి ఇంట్లో స్నానం చేస్తూ తన ఛాతీని చూపించే సన్నివేశం ఉంది. జాలి కోరదు, దాచుకోదు. మరొకరి బాధను రాయబోయే ప్రతి యువ రచయితా ముందుగా చూడవలసిన సన్నివేశం అదని నా నమ్మకం.

ముసలివాళ్లను కొండ మీద వదిలేసే ఊరి కథ 'నరయామా' సినిమా కోసం ముందుపళ్లు తీయించుకుందన్న సంగతి అందరూ రాస్తారు. నువ్వూ రాశావు. ఒక్క వాక్యం ఉంచు, చాలు. కొండ మీద మంచు కురుస్తుండగా, వెళ్లిపొమ్మని కొడుక్కి చేత్తో సైగ చేసే తీరును దాని పక్కన రాయి.

బెర్లిన్ బహుమతిని చివర కిరీటంలా పెట్టకు. 'సందకన్'లో ఆమె చిన్నతనంలోనే బోర్నియోకు అమ్ముడుపోయిన స్త్రీగా, ఇప్పుడొక గుడిసెలో బతుకుతున్న ముసలావిడగా కనిపిస్తుంది. ఆ చిత్రం వచ్చేనాటికి ఆమెకు అరవై దాటాయి. ఆ ముసలావిడ తన ఇంటికొచ్చిన చదువుకున్న యువతితో ఎలా మాట్లాడుతుందో గమనించు. అప్పుడు బహుమతి సంగతి దానంతటదే చిన్నదవుతుంది.

పుట్టుకతో మొదలుపెట్టవద్దు. బాకా విన్న తల్లి ముఖంతో మొదలుపెట్టి, ఈ అయిదు చోట్లా నిలబడి రాయి. మిగతా సినిమాల్లో నీకు నచ్చనివి ఉంటే అవీ చెప్పు, ప్రేమించినవారి మీద ఆ హక్కు ఉంటుంది. సంక్రాంతి లోపు పంపితే పెన్ను పట్టుకుని దిద్దుతాను.

నీ మేలు కోరే
పెద్దమ్మ